ఇసుకమీది గీత

సోదరీమణులారా! గాల్ఫు ఆటనుగూర్చి ఒక గృహిణి వ్రాయబూనుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. అది దొరల ఆట యనియు, ధనవంతుల కాలక్షేపమనియు మన యిండ్లలో అనుకొనుట వాడుక. నేనును ఏబదిమూడేండ్లు వచ్చువఱకు అట్లే తలంచితిని. కాని ఆ యాటలో బంతిని సరిగా కొట్టుట నేర్చుకొనబోయి, విడిచిన పుట్టినింటికి మరల పోయితిని. అచ్చట నేను పోగొట్టుకొన్న దొకటి తిరిగి దొరకినది. అందుచేత ఈ నాలుగు మాటలు.

నేను పుట్టి పెరిగినది అంతర్వేదిలో. గోదావరి పాయలలో నొకటైన వశిష్ఠ బంగాళాఖాతమున కలియుచోట, లక్ష్మీనరసింహస్వామి కోవెల నీడనున్న పల్లె యది. మా యింటివెనుక కొబ్బరితోట, తోట దాటినచో ఇసుక, ఇసుక దాటినచో సముద్రము. ఆ యిసుకమీద మా యన్నయ్యయు నేనును బిళ్ళంగోడు ఆడుచుండెడివారము. బిళ్ళ గాలిలోనికి లేచిన క్షణమున కర్రతో దానిని కొట్టవలెను. అది ఎంతదూరము పోవునో యని నేను ముందే తలయెత్తి చూచెడిదానను. కర్ర వట్టి గాలిని కొట్టెడిది. "బిళ్ళను చూడవే, ఊరిని చూడకు!" అని అన్నయ్య నెత్తిన మొట్టెడివాడు. నాకు పండ్రెండవయేడు వచ్చినంతనే మా నాయనమ్మ ఆ కర్రను తీసి పొయ్యిలో పెట్టినది. ఆడపిల్ల చేతిలో నుండవలసినది గరిటె యని ఆమె తీర్పు. నేను రెండుదినము లేడ్చి ఊరకుంటిని.

పెండ్లియైన పిదప విశాఖపట్టణమున కాపురము. పిల్లలు పెద్దవారై దూరదేశములకు పోయిరి. మావారు ఉద్యోగము విరమించిన తరువాత, వైద్యుడు నడువుమని చెప్పగా, స్నేహితునితో గాల్ఫు మైదానమునకు పోసాగిరి. నేను చెట్టునీడను కూర్చుండి స్వెట్టరు అల్లుకొనుచుండెడిదానను. ఒకనాడు ఆయన నవ్వుచు, "నీవును ఒక దెబ్బ కొట్టరాదా?" అని కర్ర నా చేతికిచ్చిరి. నలుబదియేండ్ల తరువాత నా చేతికి కర్ర వచ్చెను. చెప్పుటకు సిగ్గుగా నున్నది గాని, నా చేతులు వణకినవి.

ఈ యాటలో స్త్రీలకు చోటు లేదని తలంపకుడు. మన దేశమున కలకత్తాలోని గాల్ఫు క్లబ్బు 1829లోనే వెలసినది. స్కాట్లండు దేశమందలి సెంట్ ఆండ్రూస్ పట్టణమున 1867లో స్త్రీలు తమకొక సంఘమును స్థాపించుకొనిరి. అయినను అదే పట్టణమందలి పురుషుల పెద్ద క్లబ్బు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు సమ్మతించినది 2014లో మాత్రమే. మన అదితీ అశోక్ 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. ఒక్క దెబ్బలో పతకము తప్పినది. అప్పుడు ఆమె కర్రల సంచిని మోసినది ఎవరో కాదు, కన్నతల్లియే. మన తెలుగువారిలోను, హైదరాబాదునుండి అమెరికాకు వలసపోయిన దంపతుల కుమారుడు తీగల సాహిత్, 1997లో కాలిఫోర్నియాలో పుట్టి, చిన్ననాటనే వెన్నెముక వంకరయని తెలిసినను వెనుదీయక, 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్పును గెలిచెను. ఇవన్నియు నాకు తరువాత తెలిసినవి. మొదట తెలిసినది ఒక్కటే: బంతి నా మాట వినదు!

ఆ బంతి ఎంతటిది! అడ్డముకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. నిమ్మకాయంత వస్తువు. కదలక మెదలక ఎదుట నుండును. బిళ్ళవలె గాలిలో ఎగురుటయు లేదు. అయినను నా కర్ర ఒకప్పుడు దాని నెత్తిని తాకును. అది చీమవలె నేలమీద ప్రాకిపోవును. మఱొకప్పుడు బంతికి జానెడు వెనుకనే నేలను త్రవ్వును. మట్టి యెగురును, బంతి అచ్చటనే యుండును. మూడునెలలు ఇట్లే గడచెను.

ఆట నేర్పు నాయన ఓపికగలవాడు. ఆయన చెప్పిన దానిని మీకు నా మాటలలో చెప్పెదను. బంతిని పైకి లేపవలెనని మనము వెనుకకు వాలి, గరిటెతో పులుసు తోడినట్లు తోడబోదుము. అదియే తప్పు. లేపుట మన పని కాదు. కర్ర చివరనున్న ఇనుపముఖము ఏటవాలుగా నుండును, అదియే లేపును. మనము చేయవలసినది కర్రను క్రిందికి దింపుచు మొదట బంతిని, పిదప నేలను తాకించుట. బంతియు ఇనుమును కలసియుండు కాలము సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ క్షణమున చేతులతో దిద్దుకొందమన్నను వీలుకాదు. దిద్దుకొనవలసిన దంతయు ముందే దిద్దుకొనవలెను. బంతిని కొయ్యమేకుమీద నిలిపి పెద్దకర్రతో కొట్టునప్పుడు మాత్రము ఈ నియమము వేఱు.

"అమ్మా, ఇసుకలో అడ్డముగా ఒక గీత గీయండి. బంతి వద్దు. గీత యొద్ద నిలిచి కర్ర త్రిప్పండి. ఇసుక గీతకు వెనుక లేచినచో తప్పు, గీతమీదనో, దాని కావల గురివైపుననో లేచినచో ఒప్పు" అని యాయన చెప్పెను. ఇసుక యనగానే నాకు మా యూరు జ్ఞప్తికి వచ్చినది. నోట మాట రాలేదు.

ఏలయనగా, నేను అంతర్వేదికి పోయి ఆరేండ్లయ్యెను. మా యమ్మ పోయిన తరువాత ఇంటివెనుక తోటలో పది సెంట్ల చెక్కను అన్నయ్య నన్నడుగక తన పేర వ్రాయించుకొనెను. ఆ సంగతి పొరుగువారి నోట వింటిని. ఫోనులో నేనొక మాట, అతడొక మాట. అంతటితో మాటలే లేవు. నాకు ఆ పది సెంట్లు అక్కఱలేదు. అక్కఱలేనిదానికే ఆరేండ్లు పట్టుపట్టితిని.

ఆ నెలలోనే మా వదిన ఫోను చేసినది. అన్నయ్యకు పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయినదనియు, మాట తడబడుచున్నదనియు చెప్పి, "నీకు తెలియకుండా ఉంచడం నాకు చేతకాలేదు వదినా" అని యేడ్చెను. ఆ రాత్రియే బయలుదేరితిని. ఏమి తోచెనో, పెట్టెతోపాటు ఏడవ నంబరు ఇనుపకర్రనుకూడ పట్టుకొంటిని. నరసాపురమున దిగి, పంటుమీద వశిష్ఠను దాటి, సఖినేటిపల్లి రేవునుండి ఇల్లు చేరునప్పటికి ప్రొద్దెక్కినది. అన్నయ్య వాకిట కుర్చీలో కూర్చుండియుండెను. నన్ను చూచి తల త్రిప్పుకొనెను. నేనును పలుకరింపలేదు. వదిన మా యిద్దఱకు కాఫీ తెచ్చి, నడుమ నిలిచి, ఎవరికి ముందిత్తునా యని తికమకపడెను.

రెండుదినములు అట్లే జరిగెను. మూడవనాటి ఉదయమున మేనల్లుడు అన్నయ్యను సముద్రపు గాలికి కొనిపోవుచుండగా నేనును వెంబడించితిని. నదియు సముద్రమును కలియు నచ్చట అన్నాచెల్లెళ్ళ గట్టని యొక తావు గలదు. ఆ పేరు తలంచిన నాకు లోపల గ్రుచ్చుకొన్నట్లయ్యెను. జనసంచారము లేనిచోట కుర్చీ వేసిరి. నేను కొంచెము ఎడముగా పోయి, కర్రతో ఇసుకపై గీత గీచి, కొట్టితిని. ఇసుక గీతకు జానెడు వెనుక లేచినది. మరల కొట్టితిని, మరల వెనుకనే. పదిమారు లట్లే జరిగినది.

వెనుకనుండి తడబడు మాట వినబడెను: "బిళ్ళను చూడవే... ఊరిని చూడకు."

ఆరేండ్ల తరువాత అన్నయ్య నాతో పలికిన మొదటి మాట యది. నేను వెనుదిరుగలేదు; తిరిగినచో కన్నీరు కనబడును. గీతనే చూచుచు నిలిచితిని. అతడు మెల్లగా, మాటకు మాటకు నడుమ ఆగుచు, "రథం తాడు లాగేప్పుడు చేతులు లాగుతాయా, కాళ్ళు లాగుతాయా?" అని యడిగెను. భీష్మైకాదశినాడు స్వామి రథమును లాగుటలో ఏండ్లకొలది చేయివేసినవాడు. 2020 సెప్టెంబరులో పాత రథము అగ్నికి ఆహుతియైననాడు పసివానివలె ఏడ్చెనట. మఱుసటి యేడు కొత్త రథము వచ్చినప్పుడు మరల త్రాడు పట్టెనట. అతని ప్రశ్న నాకు తెలిసినది. నా బరువంతయు వెనుకకాలిమీదనే యుండెను. బరువును మెల్లగా గురివైపు కాలిమీదికి మార్చి కొట్టితిని. ఇసుక గీత కావల, గురివైపున, చిన్న చేటంత లేచినది. అన్నయ్య ఎడమచేతితో తొడమీద చఱచెను.

ఆ పదిదినములును ఉదయమున మాకదే పని. నేను కొట్టుట, అతడు తప్పుపట్టుట. తెలిసికొన్నవి చెప్పెదను. కర్రను బిగబట్టరాదు, రోకలిని బిగబట్టి దంచిన అరచేయి బొబ్బలెక్కునే గాని బియ్యము తెల్లబడవు. ఎత్తి, దాని బరువున దానిని దిగనీయవలెను. మొదట సగము ఊపుతో పదిదెబ్బలు, అవి కుదిరినప్పుడే నిండు ఊపు. దెబ్బ ముగిసినపిదప తూలక నిలువగలిగితిమా, అది మంచి దెబ్బ. ఇంటికడ ఇనుపముఖముమీద ముగ్గుపిండి పలుచగా పూసి ఆరనిచ్చి బంతిని కొట్టినచో, బంతి తగిలినచోట గుర్తు పడును. అది నడుమ పడువఱకు దూరమునుగూర్చి ఆశపడరాదు. సముద్రపుటొడ్డున వాడిన కర్రను మంచినీట కడిగి తుడువనిచో త్రుప్పుపట్టును.

తొమ్మిదవనాడు అన్నయ్య, "ఆ చెక్క సంగతి... నిన్ను అడగవలసింది" అనెను. "నేనూ వచ్చి అడగవలసింది అన్నయ్యా" అంటిని. అంతకుమించి మేమేమియు మాటలాడలేదు. ఆ పది సెంట్లు అతని పేరనే యున్నవి. ఈ సంక్రాంతికి ఆ చెట్ల కాయలు ఒక బస్తా మా యింటికి వచ్చినవి. బస్తాతో నూనె రాసిన చిన్న కర్రబిళ్ళ యొకటి. అన్నయ్య ఎడమచేతితో చెక్కినదట. వంకరగా నున్నది.

ఇప్పుడు నా బంతి పదింట ఆరుమారులు నిక్కముగా లేచుచున్నది. తక్కిన నాలుగును ఎప్పటివలెనే చీమలు. అయినను దెబ్బకు ముందు తలయెత్తుట మానితిని. సోదరీమణులారా! మీ యింటిలో ఆడపిల్ల కర్ర పట్టినచో దానిని పొయ్యిలో పెట్టకుడు. మీకును ఎవరితోనైన మాటలు లేకున్నచో, దూరము లెక్కింపక ముందు ఎదుటనున్నదానిని చూడుడు.