ఒక్క అంకె కోసం ఆగిన విమానం

ఊరికి పోయే రోజు విమానం ఆలస్యమైతే ఎట్లా ఉంటుందో ఈ పేపరు చదివేవాళ్ళకు మేము చెప్పాల్సిన పని లేదు. రెండేళ్ళకో మూడేళ్ళకో దొరికే సెలవు. తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె, దాని మీద పెద్దక్షరాలతో పేరూ ఊరూ. క్యాంపులో అందరికీ చెప్పి, ఎయిర్‌పోర్టుకు చేరి, బోర్డింగ్ పాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాక మైకులో వినపడుతుంది: సాంకేతిక కారణాల వల్ల విమానం ఆలస్యం. ఏ కారణమో చెప్పరు. ఎంతసేపో చెప్పరు. అప్పుడు మన నోట వచ్చే తిట్లు ఇక్కడ రాయలేం.

మిత్రులారా, మేము ముగ్గురం ఆ 'సాంకేతిక కారణాల' వెనక గదిలో పని చేసేవాళ్ళం. విమానాల విడిభాగాలు నిల్వ చేసే ఒక కంపెనీలో రికార్డు గుమాస్తాలం. ఒకరిది జగిత్యాల దగ్గర పల్లె, ఒకరిది కడప జిల్లా, ఒకరిది కోనసీమ. ముగ్గురివీ ఇంటర్ చదువులే. మేము ఇంజనీర్లం కాము, స్పానర్ పట్టం. పెట్టె వస్తే కాగితం చూస్తాం, నంబర్లు సరిచూస్తాం, కంప్యూటర్లో ఎక్కిస్తాం, ట్యాగు కట్టి అరలో పెట్టిస్తాం. అంతే మా పని. కాని ఒక రాత్రి మా మూలంగా ఒక విమానం ఏడు గంటలు ఆగిపోయింది. అందులో మనవాళ్ళే ఉన్నారు. ఆ సంగతి చెప్పుకుందామనే ఇది రాస్తున్నాం.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. విమానం ముక్కుకు దగ్గరలో, బయటికి పొడుచుకొచ్చినట్టు జానెడు గొట్టాలు ఉంటాయి. మెట్లెక్కేటప్పుడు చూసే ఉంటారు. వాటిని పిటో ట్యూబులంటారు. ఎదురుగాలి ఎంత బలంగా కొడుతోందో ఆ గొట్టం పట్టుకుంటుంది. విమానం ఒంటి మీద ఇంకోచోట సన్నటి రంధ్రాలుంటాయి. అవి చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి ఎంతో చెబుతాయి. ఈ రెండింటి తేడాను బట్టి వేగం తెలుస్తుంది. రంధ్రాల ఒత్తిడిని బట్టి ఎత్తు తెలుస్తుంది. పైన చలికి మంచు పట్టకుండా గొట్టంలో కరెంటు హీటరు ఉంటుంది. విమానం నేల మీద నిలబెట్టినప్పుడు గొట్టానికి తొడుగు వేసి, ఎర్ర గుడ్డపట్టీ వేలాడదీస్తారు. ఎందుకంటారా? 2013 నవంబరులో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఒక ఎయిర్‌బస్ ఏ330 రెండు గంటల సేపు ఆగింది. ఆ రెండు గంటల్లోనే ఒక కందిరీగ ఆ గొట్టంలో మట్టి గూడు కట్టింది. విమానం లేచాక వేగం తప్పు చూపిస్తుంటే వెనక్కి దించాల్సి వచ్చింది.

పైలట్ కిటికీలోంచి చూసి నడుపుతాడని మేమూ అనుకునేవాళ్ళం. రాత్రిపూట, సముద్రం మీద, మేఘంలో కిటికీలోంచి కనపడేదేమీ లేదు. ముందున్న మీటర్లే అతని కళ్ళు. మన గల్ఫ్ దారిలోనే దీనికి పాత కథ ఉంది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్‌కి బయల్దేరిన ఎయిర్ ఇండియా 747, 'ఎంపరర్ అశోక', లేచిన రెండు నిమిషాల్లోపే బాంద్రా ఎదుట సముద్రంలో పడింది. 213 మంది పోయారు. విమానం ఎటు ఒరిగిందో చూపించే మీటరు కెప్టెన్ వైపు తప్పు చూపించిందని, దాన్ని నమ్మి ఆయన విమానాన్ని ఎడమకు మరీ ఒరిగించేశాడని విచారణలో తేలింది. కింద చీకటి, పైన చీకటి. ఏది నీళ్ళో ఏది ఆకాశమో తెలియని చోట ఒక్క మీటరు మాటే వేదం.

అందుకే ఇలాంటి భాగాల మీద తప్పనిసరి తనిఖీలు ఉంటాయి. అమెరికాలో మేఘాల్లో మీటర్లను నమ్ముకుని ఎగిరే విమానాలకు ఎత్తు చూపే మీటరునూ, ఆ రంధ్రాల గొట్టాల వరుసనూ 24 నెలలకోసారి పరీక్ష చేయించాలని చట్టం. ఇది మామూలుగా జరిగే తనిఖీ. ఇవి కాక, ఫలానా భాగంలో లోపం ఉండొచ్చని తెలిస్తే ప్రత్యేకంగా ఆదేశం వస్తుంది. దాన్ని ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ అంటారు. అమెరికాలో ఎఫ్ఏఏ, యూరప్‌లో ఈఏఎస్ఏ, మన దేశంలో డీజీసీఏ ఇస్తాయి. ఏ రకం విమానాలు, ఏ పార్టు నంబరు, ఏ సీరియల్ నంబర్లు, ఏం చూడాలి, ఎన్ని గంటలు ఎగిరేలోపు లేదా ఎన్ని రోజుల్లోపు చూడాలి, అన్నీ అందులో ఉంటాయి. గడువు దాటితే ఆ విమానం ఎగరకూడదు. బేరం లేదు.

తయారీదారు పంపే సలహా కాగితం వేరు, ఈ ఆదేశం వేరు. ఆ తేడా ఎంతదో 2009 చూపించింది. ఆ ఏడు జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో పడి 228 మంది చనిపోయారు. ఎత్తులో మంచు పలుకులు పిటో గొట్టాలను మూసేశాయి. వేగం చూపే మీటర్లు నిమిషం సేపు కూడా చెడిపోలేదు. కాని ఆటోపైలట్ వదిలేసింది, ఆ కంగారులో పైలట్లు ముక్కు పైకెత్తారు, విమానం పట్టు తప్పింది. ఆ రకం గొట్టాలతో ఇబ్బంది ఉందని అంతకు ముందే తెలుసు. మార్చాలని ఆ విమాన సంస్థ నిర్ణయించుకుంది కూడా. కొత్తవి రావడం అప్పుడే మొదలైంది. ఆ విమానం వంతు ఇంకా రాలేదు. తప్పనిసరిగా మార్చాలన్న ఈఏఎస్ఏ ఆదేశం ఆగస్టు నెలాఖరులో వచ్చింది. సలహాకూ ఆదేశానికీ మధ్య ఆ విమానం వెళ్ళిపోయింది.

ఇక మా రాత్రి సంగతి. నెలాఖరు లెక్కలని ముగ్గురం డ్యూటీలో ఉన్నాం. తొమ్మిదింటికి ఫోన్. హైదరాబాద్ వెళ్ళే విమానం బయల్దేరే ముందు పరీక్షలో ఒక పిటో ట్యూబు హీటరు పని చేయలేదు, వెంటనే ఇంకోటి కావాలి. మా భాషలో దీన్ని ఏవోజీ అంటారు. అంటే విమానం నేల మీద ఆగిపోయిందని. ఆ మాట వింటే ఆఫీసంతా పరుగే. అరలో ఒకటి ఉంది. కాగితం తీశాం. అధీకృత సంస్థ ఇచ్చే సర్టిఫికెట్, ఫారం 1, ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. కాగితంలో సీరియల్ నంబరు చివర 17. గొట్టం మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీద చెక్కిన నంబరు చూశాం. చివర 71.

తారుమారైన రెండు అంకెలు. అప్పటికి మా దగ్గర ఒక ఆదేశం ఉంది. ఒక వరుస నంబర్ల గొట్టాలను బిగించే ముందు మళ్ళీ పరీక్షించాలని. ఆ జాబితాలో 17 లేదు. 71 ఉంది.

సూపర్‌వైజర్ వచ్చాడు. కాగితం చూశాడు, రేకు చూశాడు. "టైపింగ్ తప్పు అది. కాగితంలో 17 ఉంది, 17 జాబితాలో లేదు. లిఖ్ దో యార్" అన్నాడు. మేము మాట్లాడలేదు. రెండోసారి గొంతు మారింది. విమానం నిండా జనం ఉన్నారు, గంటకు ఎంత నష్టమో మీకు తెలుసా అన్నాడు. మాలో ఒకరికి వీసా రెన్యువల్ రెండు నెలల్లో ఉంది. అతని ముందే రిజిస్టరు ఉంది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మేము సత్యహరిశ్చంద్రులం కాము. స్టోరులో వేడి, తేమ రోజుకు రెండుసార్లు చూసి చార్టులో రాయాలి. వారం చివర కూర్చుని ఏడు రోజులవీ ఒకేసారి రాసిన రోజులు ఉన్నాయి. ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ఏమవుతుందిలే అనుకున్నాం. ఏమీ కాలేదు కూడా. అలవాటు అలాగే పడుతుంది. ఏమీ కాకపోవడమే మనిషిని పాడు చేస్తుంది.

కాని ఆ రాత్రి ఆ రెండు అంకెలు కళ్ళ ముందు నుంచి పోలేదు. చివరికి కడప మిత్రుడు లేచి గొట్టాన్ని పెట్టెలో పెట్టి, ఎర్ర ట్యాగు కట్టి, తాళం వేసే బోనులో పెట్టాడు. కాగితం సరిపోని వస్తువులను అందులో పెట్టాలని రూలు. మిగతా ఇద్దరం కూడా ఆ ట్యాగు మీద సంతకాలు పెట్టాం, ఒక్కడి మీదికే రాకుండా. సూపర్‌వైజర్ ఇంకేమీ అనకుండా ఫోన్ అందుకున్నాడు. ఇంకో ఎయిర్‌పోర్టు నుంచి వేరే గొట్టం తెప్పించి, బిగించి, పరీక్షించి పంపేసరికి ఏడు గంటలు. రాత్రి పదకొండుకు పోవాల్సిన విమానం పొద్దున ఆరుకు లేచింది.

ఆ విమానంలో మా జగిత్యాల మిత్రుడి పక్క ఊరి తమ్ముడు ఉన్నాడు. స్కాఫోల్డింగ్ పని. సెలవు రోజు అతని క్యాంపుకు పోయి బువ్వ తినేవాళ్ళం. కంపెనీ సెలవు ఆఖరి నిమిషంలో ఇచ్చింది. మరుసటి రోజు పొద్దున పదకొండు గంటల లోపే చెల్లె పెండ్లి ముహూర్తం. నాలుగింటికి హైదరాబాద్‌లో దిగితే అందుకునేవాడు. అర్ధరాత్రి దాటాక ఎయిర్‌పోర్టు నుంచి మాకే ఫోన్ చేశాడు. "ఏం విమానమే అన్నా ఇది, ఏం చెప్తలేరు, గొడ్లను కూసోబెట్టినట్టు కూసోబెట్టిండ్రు" అన్నాడు. మేము ఓపిక పట్టు తమ్మీ అన్నామే గాని అది మా చేతి పని అని చెప్పే ధైర్యం రాలేదు. అతను ఇల్లు చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి, బంతి భోజనాలు కూడా అయిపోవచ్చాయి.

తెల్లవారి మరమ్మతు కంపెనీ నుంచి జవాబు వచ్చింది. గొట్టం మీది 71 సరైనదే. సర్టిఫికెట్ కొట్టినవాడు అంకెలు తారుమారు చేశాడు. అంటే ఆ గొట్టం జాబితాలోదే, పరీక్ష చేయాల్సిందే. వారం తర్వాత పరీక్ష ఫలితం వచ్చింది. లోపం ఏమీ లేదు.

సూపర్‌వైజర్ ఆ కాగితం తెచ్చి మా బల్ల మీద పడేసి, "చూశారా? ఏమీ లేదు" అని నవ్వాడు. మెమో ఇవ్వలేదు, కాని ఆ నెల ఓవర్‌టైమ్ డ్యూటీలు మాకు రాలేదు. చాలా రోజులు మాలో మేమే వాదించుకున్నాం. లోపం దొరికి ఉంటే మేము గొప్పవాళ్ళమయ్యేవాళ్ళం. దొరకలేదు కాబట్టి ఒక అన్న చెల్లె పెండ్లి చెడగొట్టినవాళ్ళమయ్యాం. కాని ఆలోచిస్తే ఆ రాత్రి పదింటికి దాని లోపల ఏముందో మాకూ తెలియదు, ఆ సూపర్‌వైజర్‌కూ తెలియదు. తెలియనప్పుడు తెలుసని రాయడమే తప్పు. నూరు తనిఖీల్లో తొంభై తొమ్మిదిటికి ఏమీ దొరకకపోవచ్చు. ఆ నూరో దాని కోసమే అన్నీ చేయాలి, ఎందుకంటే ఆ నూరోది ఏదో ముందు తెలియదు.

రెండు నెలలకు ఆ తమ్ముడు తిరిగొచ్చాడు. వాళ్ళ క్యాంపు గదిలో, పై మంచం మీద కూర్చోబెట్టి అంతా చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "చెల్లె పెండ్లి మల్ల రాదు గదనే. కోపం పోదు." కాసేపాగి తనే తన సైటు సంగతి ఎత్తాడు. స్కాఫోల్డింగ్‌కు పచ్చ ట్యాగు కట్టి, తేదీ వేసి, సంతకం చేస్తారు గదా. ఒకడు కింద కుర్సీలో కూర్చునే సంతకం చేస్తాడట. ఇంకొకడు ప్రతి క్లాంపు పట్టుకుని ఊపి చూస్తాడట. "వాడు చూస్తే గంట లేటయితది, ఫోర్‌మన్ తిడ్తడు. కని వాడు సంతకం పెట్టిన నాడే నేను భయం లేకుంట ఎక్కుత" అన్నాడు.

మేము చెప్పాలనుకున్నది అతనే చెప్పేశాడు. అయినా ఒక్క మాట. 1996 అక్టోబరు 2న పెరూ దేశంలో ఏరోపెరూ 603 అనే బోయింగ్ 757 రాత్రి సముద్రం మీద దారి తప్పి పడింది. 70 మంది పోయారు. విమానం కడిగేటప్పుడు ఆ సన్నటి రంధ్రాలకు నీళ్ళు పోకుండా టేపు అతికించారు. తీయడం మరిచారు. తనిఖీ చేయాల్సినవాళ్ళు పట్టుకోలేదు, చుట్టూ తిరిగి చూసే పైలట్ కంటికీ ఆనలేదు. కేసు మాత్రం టేపు అతికించిన పనివాడి మీదికీ వచ్చింది. పైవాళ్ళు తొందర పెడతారు, సంతకం మాత్రం కిందివాడిది ఉంటుంది. రేపు ఎవరైనా అడిగితే చూపించేది ఆ సంతకమే.

అందుకే అన్నలూ తమ్ముళ్ళూ, సేఫ్టీ బెల్టు ఇచ్చి తేదీ చూడకుండా సంతకం పెట్టమంటే ఒక్కసారి తేదీ చూడండి. పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగు జరగకుండానే హాజరు కాగితం తిప్పితే, మీటింగు ఏదని ఒక్క మాట అడగండి. అందరికీ ఎదురు చెప్పే వీలుండదని మాకు తెలుసు. వీసా భయం మాకూ ఉంది. ఒక్కరు అడిగితే భయం, ముగ్గురు కలిసి అడిగితే సగం భయం. మేము ట్యాగు మీద ముగ్గురం సంతకాలు పెట్టింది అందుకే.

స్టోరులో వేడి, తేమ చార్టు ఇప్పుడు ఏ రోజుది ఆ రోజే రాస్తున్నాం. అదీ ఏమీ తేలని తనిఖీయే. ఈసారి ఎయిర్‌పోర్టులో సాంకేతిక కారణాలని మైకులో వినపడితే తిట్టుకోండి, తప్పు లేదు. కాని ఆ వెనక గదిలో ఎవరో ఒకరు రేకు మీది నంబరును కాగితంతో సరిచూస్తున్నాడని కూడా అనుకోండి.