ఆయిల్ ఫిల్టరు: నూట ఇరవైదా, మూడొందల నలభైదా?



ఈసారి పంట గురించి కాదు, ఇంజను గురించి. ట్రాక్టరుకో కారుకో ఆయిల్ మార్చే ప్రతిసారీ మనవాళ్ళు అడిగేదే. నా పాత ట్రాక్టరుకు సరిపోయే ఆయిల్ ఫిల్టరు చీరాలలో మూడు రేట్లకు దొరికింది. పేరూ ఊరూ లేని డబ్బా 120 రూపాయలు. ఫిల్టర్లు చేసే పేరున్న కంపెనీది 230. ట్రాక్టరు కంపెనీ పేరుతో షోరూంలో ఇచ్చేది 340. బయటికి చూస్తే మూడూ ఒకటే రేకు డబ్బా. మరి 120 పెట్టి 220 మిగుల్చుకుంటే తప్పేంటి అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మనకు రెండొందల ఇరవై ఊరికే రావు.

ముందు అది లోపల ఏం చేస్తదో చూద్దాం. మన ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింటు దింపని రైతు లేడు కదా. పాయింటు జాలీ మరీ సన్నగా ఉంటే నీళ్ళు రావు, వదులుగా ఉంటే మోటరు ఇసుక కక్కుద్ది. ఆయిల్ ఫిల్టరుదీ ఇదే కథ. కాగితం మరీ బిగువుగా ఉంటే ఆయిల్ పారదు, బేరింగులు ఎండుతాయి. మరీ వదులైతే ఇనప రజను, ఇసుక, మసి ముద్దలు అన్నీ దాటిపోతాయి. ఈ రెంటి మధ్య సరైన చోట కాగితాన్ని నిలబెట్టడమే ఫిల్టరు చేసేవాడి పనితనం. అందుకే లోపల అన్ని మడతలు పెడతారు, చిన్న డబ్బాలో ఎక్కువ కాగితం పట్టడానికి.

కొలత చెప్తా. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మామూలు ఫిల్టరు 20, 30 మైక్రాన్ల పైబడ్డ రజనును బాగానే పడతది. అంతకన్నా చిన్నది చాలావరకు జారిపోయి, మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చినప్పుడు కొంత కొంత చిక్కుద్ది. డబ్బా మీద "99 శాతం" అని కొట్టొచ్చినట్టు రాసి ఉంటే మురిసిపోకండి. ఎన్ని మైక్రాన్ల దగ్గర 99 అని చూడండి. అది రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. దీన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది, ఐఎస్ఓ 4548-12 అంటారు. తెలిసిన రజనును ఆయిల్లో కలిపి ఫిల్టరు గుండా తిప్పుతూ, ముందెంత ఉంది, దాటాక ఎంత ఉంది అని లెక్కపెడతారు.

డబ్బాలో కాగితం ఒక్కటే కాదు, ఇంకో రెండు ఉంటాయి. ఒకటి బైపాస్ వాల్వు. ఫిల్టరు మురికితో పూడిపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా ఆ వాల్వు తెరుచుకుని ఆయిల్ని వడకట్టకుండానే ఇంజనుకు పంపిద్ది. అసలు ఆయిలే అందకపోవడం కన్నా మురికి ఆయిల్ నయం కదా, అందుకు. రెండోది ఒక రబ్బరు వాషరు లాంటిది. ఇంజను ఆపినప్పుడు ఫిల్టరులో ఆయిల్ వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచుద్ది. చవక రబ్బరు వేడికి గట్టిపడితే ఆ పట్టు పోద్ది. అప్పుడు పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆయిల్ పైకి అందేదాకా రెండు మూడు సెకన్లు గలగలమంటది. ఫిల్టరును పక్కకో, తలకిందులుగానో బిగించే ఇంజన్లలో ఇది ఎక్కువ తెలుస్తది.

ఇక కోసి చూసిన సంగతి. మా మెకానిక్ షెడ్డులో వాడేసిన ఫిల్టర్లు మూడు రకాలవీ కోశాం. 230ది, 340ది పక్కపక్కన పెడితే నాకు తేడా దొరకలేదు. కాగితం మందం, మడతలు, కాగితాన్ని రెండు వైపులా పట్టే రేకు మూతలు, స్ప్రింగు, అన్నీ ఒకే తీరు. ఇందులో వింతేమీ లేదు. ట్రాక్టరు కంపెనీలూ కారు కంపెనీలూ చాలావరకు ఫిల్టర్లు సొంతంగా చేయవు. ఆ పని చేసే కంపెనీల దగ్గర చేయించుకుని తమ పేరు వేయించుకుంటాయి. షోరూంలో మనం ఎక్కువ కట్టేది ఆ పేరుకు. 120 డబ్బాలో మాత్రం మడతలు సగమే ఉన్నాయి, అవీ ఒక పక్కకు కుప్పపడి. కాగితం అంచు జిగురు ఊడి మూతకు వేలెడు సందు. ఆయిల్ ఆ సందులో నుంచి హాయిగా పోతా ఉంది. కాగితం పైపైన శుభ్రంగా కనిపించింది. శుభ్రంగా ఉంది కదా అని సంతోషపడితే ఎట్లా, మురికి దాని దగ్గరికి రానే లేదు!

మా బంధువు ఒకాయన ట్రాక్టరు ఇంజను విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నా. శనక్కాయ వేసే రోజులు, కిరాయికి పది మంది చుట్టూ తిరుగుతున్నారు. ఆయిల్ లైటు ఆరడం లేదని విప్పితే, ఫిల్టరు లోపలి కాగితం ముద్ద ముద్దగా చిరిగి ఉంది. మెయిన్ బేరింగులు గోటితో గీరితే చార తెలిసేంతగా గీసుకుపోయాయి. క్రాంకు గ్రైండింగు, బేరింగులు, పిస్టన్లు, లైనర్లు, కూలీ కలిపి యాభై వేలు దాటింది. వదినగారి గాజులు బ్యాంకులో పెట్టారు. ఇరవై రోజులు ట్రాక్టరు షెడ్డులో, కిరాయిలన్నీ పక్కూరి ట్రాక్టరుకు.

ఇప్పుడు లెక్క వేద్దాం. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకోసారి ఆయిలూ ఫిల్టరూ మార్చమంటారు, మీ పుస్తకంలో ఎంత ఉంటే అంత. 120కీ 230కీ తేడా 110 రూపాయలు. 250 గంటలతో భాగిస్తే గంటకు 44 పైసలు. షోరూందే వేసినా తేడా 88 పైసలు. రోటవేటరు వేస్తే గంటకు ఐదు లీటర్ల డీజిల్ తాగే బండికి 44 పైసల దగ్గర బేరమాడుతున్నాం మనం. నా మట్టుకు నేను 230ది వేస్తా. 340ది తప్పని కాదు, వారంటీ ఉన్న కొత్త బండికి షోరూందే వేయించి బిల్లు దాచుకోండి. పాత బండికి ఆ పైన 110 ఇంజనుకు చేరేది కాదు.

రేటు కన్నా ముందు నంబరు చూడండి. కొన్ని ఇంజన్లకు బైపాస్ వాల్వు ఫిల్టరులోనే ఉంటది, కొన్నిటికి ఇంజనులో ఉంటది. మర సరిపోయింది కదా అని వేరే బండి ఫిల్టరు బిగిస్తే, ఎంత ఖరీదైనదైనా దండగే.

ఇంకో సంగతి. ఆయిల్ నల్లబడింది కాబట్టి ఫిల్టరు పనిచేయట్లేదు అంటుంటారు. డీజిల్ ఇంజనులో కొత్త ఆయిల్ పోసిన కొద్ది గంటలకే నల్లబడతది. ఆ మసి మైక్రానుకన్నా సన్నం, ఏ ఫిల్టరూ దాన్ని పట్టలేదు. దాన్ని గడ్డకట్టనీయకుండా తనలో తేల్చి ఉంచడం ఆయిల్ చేసే పనే.

మన వాడరేవు చుట్టుపక్కల అసలు శత్రువు వేరే ఉంది: గాలిలో ఎగిరే ఇసుక. సరుగుడు తోట తీసేసిన చేలో ఎండలో రోటవేటరు వేసినప్పుడు చూడండి, డ్రైవరు కనిపించడు. ఆ దుమ్ము లోపలికి పోయేది ఎయిర్ క్లీనరు దారిన. అక్కడ ఆపలేని ఇసుకను ఆయిల్ ఫిల్టరు వచ్చి ఆపేలోపే రింగులూ లైనర్లూ అరుగుతాయి. పాత ట్రాక్టర్లకు ఆయిల్ గిన్నె ఎయిర్ క్లీనరే. ఇసుకలో పని ఉన్న రోజుల్లో ప్రతి పొద్దున గిన్నె విప్పి చూడాలి. అడుగున బురద చేరితే కడిగి కొత్త ఆయిల్ గీత దాకా పోయాలి, గీత దాటకూడదు. అక్కడి నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా అంతా వృథా. కాగితం ఎలిమెంటు ఉన్న బండ్లకు పంక్చరు షాపు గాలి దగ్గరగా పెట్టి కొట్టించకండి, కంటికి కనపడని చిల్లులు పడతాయి.

కారు సంగతి కొంచెం వేరు. మనం చీరాల పోయి రావడం, వేటపాలెం పోయి రావడం, అంతే కదా. ఇంజను సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తాం. లోపల చేరిన తేమ ఆవిరి కాదు, ఆయిల్లోనే ఉండిపోద్ది. అందుకని పదివేల కిలోమీటర్లు నిండలేదని రెండేళ్ళు లాగకండి. ఏడాదికోసారి ఆయిలూ ఫిల్టరూ కలిపి మార్చేయండి. చిన్న కార్ల ఫిల్టరు ఎట్లాగూ తక్కువలోనే వస్తది.

డూప్లికేట్ల గురించి. అసలు ప్రమాదం 120 డబ్బా కాదు, అది చవకదని దాని మొహానే రాసి ఉంది. మంచి కంపెనీ డబ్బా వేసుకుని 230కే అమ్మేదే ప్రమాదం. డబ్బా మీద పార్టు నంబరు, ఎమ్మార్పీ, తయారైన నెల, ఏడాది, తయారు చేసినవారి చిరునామా ఉండాలి. అక్షరాలు చెదిరి ఉన్నా, పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయినా పక్కన పెట్టేయండి. స్కాన్ చేసే కోడ్ ఉంటే పిల్లల చేత ఫోన్లో చూపించుకోండి. ముఖ్యంగా బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న కొట్టులో ఫిల్టరు కొనకండి. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, కానీ చేతిలో కాగితం లేకపోతే మన మాట నిలబడదు.

బిగించేటప్పుడు పాత ఫిల్టరు వాషరు ఇంజనుకే అతుక్కుని ఉండిపోయిందేమో చూసి తీసేయండి. కొత్త వాషరుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించండి, పానా వద్దు. తర్వాత గంటల మీటరు అంకె, తేదీ పెయింటుతో డబ్బా మీదే రాసుకోండి.

వచ్చే ఆదివారం పొద్దున నా ట్రాక్టరుకు ఆయిల్ మారుస్తున్నా, దిగిన ఫిల్టరు షెడ్డులోనే కోస్తాం. మీ పాత ఫిల్టర్లు ఉంటే పారేయకుండా పట్టుకురండి, అవీ కోసి చూద్దాం.