అయిదంతస్తుల మేడ – ఒక గణవిభజన

మాటకు మాట పెట్టి దింపినది అనువాదం కావచ్చునేమో గాని, అనుసరణ మాత్రం కాదు. మన కవిత్రయం చేసిన పని ఇదే గదా! ఏడు వందల శ్లోకాల గీతను తిక్కనగారు కొద్దిపాటి పద్యాలలోకి ఒదిగించారు. ఏది ఉంచాలో తెలియడం ఒక విద్య, ఏది విడిచిపెట్టాలో తెలియడం అంతకంటె పెద్ద విద్య. ఈ మాట ముప్పయ్యేళ్ళు తరగతి గదిలో చెప్పాను. అయితే ఈ సూత్రానికి ఒక విచిత్రమైన ఉదాహరణ నాకు పాతబస్తీలో, ఒక వీడియో గేమ్ దుకాణంలో దొరికింది. తెలుగు పండితుడికి వీడియో గేమ్‌తో ఏమి పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

1984లో హాంకాంగులో ‘వీల్స్ ఆన్ మీల్స్’ అనే చిత్రం వచ్చింది. దర్శకుడు సామో హంగ్, నాయకుడు జాకీ చాన్. కథ జరిగేది స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో. బండి మీద ఫలహారాలు అమ్ముకునే ఇద్దరు యువకులు సిల్వియా అనే యువతిని దుష్టుల కోట నుంచి విడిపించడం ఇతివృత్తం. జపానులో ఈ చిత్రాన్ని ‘స్పార్టన్ ఎక్స్’ అనే పేరుతో విడుదల చేశారు. అదే సంవత్సరం ఐరెమ్ అనే జపాను సంస్థ ఆ పేరుతోనే ఒక ఆటను తయారు చేసింది. ఇతర దేశాలలో దాని పేరు ‘కుంగ్‌ఫూ మాస్టర్’. 1985లో నింటెండో వారు దాన్ని తమ ఇంటి యంత్రానికి మలిచారు. మన గల్లీ పిల్లల నోట అది వట్టి ‘కుంగ్‌ఫూ’ అయింది.

చిత్రం నుంచి ఆటలోకి వచ్చినవి ఎన్ని? థామస్ అనే నాయకుని పేరు, సిల్వియా అనే నాయిక పేరు, ఆమె చెరలో ఉండడం. అంతే! బార్సిలోనా లేదు, ఫలహారాల బండి లేదు, హాస్యం లేదు. వాటి స్థానంలో అయిదంతస్తుల మేడ, అంతస్తుకొక కావలి వీరుడు వచ్చి చేరారు. ఈ మేడ మరొక చిత్రం నుంచి వచ్చింది. 1973లో బ్రూస్ లీ మరణించడంతో ఆగిపోయి, 1978లో ఎలాగో పూర్తయిన ‘గేమ్ ఆఫ్ డెత్’లో అంతస్తు అంతస్తుకూ ఒక యోధుణ్ణి గెలుచుకుంటూ పైకి వెళ్ళాలనే ఊహ ఉంది. ఆటను రూపొందించిన తకాషి నిషియామా ఆ ఊహను తెచ్చి ఇక్కడ అంటుగట్టారు. ఆయనే తరువాత 1987లో ‘స్ట్రీట్ ఫైటర్’కు కర్త అయ్యారు.

ఇంటి యంత్రంలో ఈ ఆట మొత్తం 40 కిలోబైట్లు. మనం వ్రాసుకునే యూనికోడులో ఒక్కొక్క తెలుగు సంకేతానికి సాధారణంగా మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన ఆ జాగాలో సుమారుగా ఒక ఆటవెలదుల శతకం పడుతుంది. అంతలోనే అయిదంతస్తులూ, అందరు శత్రువులూ, సంగీతమూ ఇమిడాయి. కుదింపు అంటే అదీ!

ఇక పాతబస్తీకి వస్తాను. 1996 ప్రాంతంలో అసలు యంత్రాన్ని పోలిన నకిలీ యంత్రాలు మన బజారులలో విరివిగా దొరికేవి. ఒక్క క్యాసెట్టులో 9999 ఆటలని అట్ట మీద ఉండేది, లోపల నాలుగైదు ఆటలే పేర్లు మార్చుకొని తిరిగేవి. మా బడికి రెండు గల్లీల అవతల ఒకాయన ఇరుకు గదిలో రెండు టీవీలు పెట్టి అరగంటకు ఇంత అని వసూలు చేసేవాడు.

నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు తరచు అక్కడే తేలేవాడు. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వలస వచ్చిన ముస్లిము కుటుంబం. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. సాయంకాలాలు లాడ్ బజారు వెనుక ఒక కార్ఖానాలో లక్కగాజులకు రాళ్ళు అతికించేవాడు. వేడి లక్క చల్లారేలోగా రాయి కూర్చాలి, అందుకని వేలి కొసలు ఎప్పుడూ కంది ఉండేవి. ఆ కూలిలోంచి తన వాటా రూపాయలు తెచ్చి కుంగ్‌ఫూకు సమర్పించేవాడు. గణవిభజన అడిగితే మాత్రం దిక్కులు చూసేవాడు. తెలుగులో తప్పితే బడి మాన్పించి పూర్తిగా కార్ఖానాలో కూర్చోబెడతానని తండ్రి తేల్చి చెప్పేశాడు.

ఒకనాడు వాణ్ణి పిలుచుకు రావడానికి ఆ గదికి వెళ్ళి, వెనుక నిలబడి చూశాను. కత్తులు విసిరేవాడు తెర మీదికి వచ్చాడు. కత్తి పైన వస్తే థామస్ కూర్చోవాలి, కింద వస్తే ఎగరాలి. పైన, కింద, కింద. పైన, కింద, పైన. వాడి వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. నాకు ఒళ్ళు జలదరించింది. మొదటిది భగణం, రెండవది రగణం!

మరునాడు నల్లబల్ల మీద పై కత్తి గురువు, కింది కత్తి లఘువు అని వ్రాశాను. యమాతారాజభానసలగం మొత్తం కత్తుల వరుసగా చదివించాను. వాడు బల్ల మీద వేళ్ళతో వాయిస్తూ అప్పజెప్పాడు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువెందుకు అవుతుందని అడిగాను. ఆ ఆటలో శత్రువులు మీదపడి కరచుకొని బలం పీల్చేస్తారు. వాడు దాన్ని తలచుకున్నట్టున్నాడు.

“ఎనక ఇద్దరు కలిసి పట్టుకుంటే ముంగటోడికి బరువైతది గద సార్!” అన్నాడు.

ఛందోగ్రంథాలు నేను చాలా చదివాను. ఇంతకంటె తేటగా చెప్పిన వ్యాఖ్య చూడలేదు.

మరొక సంగతి కూడా వాడే చూపించాడు. మొదటి అంతస్తులో థామస్ కుడి నుంచి ఎడమకు నడుస్తాడు, రెండవ దానిలో ఎడమ నుంచి కుడికి. “ఒకటి ఉర్దూ లైను, ఒకటి తెలుగు లైను సార్” అని నవ్వాడు. రెండు భాషల మధ్య బ్రతికే పిల్లవాడికే తట్టగల మాట అది.

ఆ ఏడు తెలుగు గట్టెక్కింది. నేను కార్ఖానాకు వెళ్ళి తండ్రితో మాట్లాడాను. పది పూర్తి అయ్యే వరకు బడి మాన్పించనని ఆయన మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు కూడా. 1998లో పిల్లవాడు పది ఉత్తీర్ణుడైనాడు. కాలేజీ దరఖాస్తు కాగితాలు నేనే తెచ్చి పెట్టాను. అప్పటికి తండ్రికి చూపు మందగించింది, ఇంట్లో చెల్లెళ్ళు ఇద్దరు. కాగితాలు తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు వాడు నా ముఖం చూడకుండా అన్నాడు:

“అయిదో ఫ్లోర్ల సిల్వియా దొరుకుతది సార్. గెలిస్తే గూడ మళ్ళ ఫస్ట్ ఫ్లోరే వస్తది.”

నిజమే. ఆ ఆట అలాగే ముగుస్తుంది, అంటే ముగియదు. సిల్వియా మళ్ళీ చెరలో పడుతుంది, శత్రువులు మరింత కఠినులవుతారు. బార్సిలోనా చిత్రంలో నాయకులు గెలిచి నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. ఆ ముగింపు నలభై కిలోబైట్లలో పట్టలేదు. ఆ పిల్లవాడి ఇంటిలోనూ పట్టలేదు. బదులు చెప్పడానికి నాకు ఏ సుభాషితమూ తోచలేదు. టీ తెప్పించాను, ఇద్దరమూ త్రాగాము.

అసలు చిత్రాన్ని నేను పదవీ విరమణ తరువాత అంతర్జాలంలో చూశాను. జాకీ చాన్‌కూ బెన్నీ ఉర్కిడెజ్‌కూ జరిగే పోరులో ఒక తన్ను గాలికి కొవ్వొత్తుల వరుస ఆరిపోతుంది. బాగున్నది. కానీ నా మట్టుకు థామస్ అంటే ఆ కందిన వేళ్ళవాడే.

ఇప్పుడు వాడికి లాడ్ బజారులో సొంత దుకాణం ఉన్నది, చిన్నదే. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి వెళితే, మా ఇంటావిడకని ఒక జత చేతిలో పెట్టి డబ్బు తీసుకోలేదు. ఇంటికి వచ్చి దీపం దగ్గర పట్టి చూశాను. పెద్ద రాయి ఒకటి, చిన్నవి రెండు. మళ్ళీ పెద్దది, చిన్నవి రెండు. గాజు చుట్టూరా అన్నీ భగణాలే.