నాలుక మీద పుండు

మా మామ్మ అడ్డచుట్ట తాగుతుంది. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు బిగించడం. గాలికి ఆరదు, బూడిద కోక మీద రాలదు అంటుంది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఆ వయసు ఆడవాళ్ళకి అదేం వింత కాదు. ఆ నిప్పు అంగిలిని ఏం చేస్తుందో పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు ఈ జిల్లాలోనే పదివేల మందికి పైగా నోళ్ళు పరీక్షించి 1971లో ప్రచురించారు.

అందుకే, నాలుగేళ్ళ కిందట మామ్మ నాలుక పక్కన లేచిన పుండు రెండు నెలలైనా మానకపోతే, ఇంట్లో ఎవరూ ఆ జబ్బు పేరు పైకి అనలేదు. అందరం అనేసుకున్నాం, అంతే. "ఈ వయసులో కోతలెందుకురా" అన్నాడు చిన్నాన్న. నేను ఫోన్లో "నిజమే" అన్నాను.

"సావుకి బయం నేదురా బాబూ, కూడు మింగనేకపోతన్నాను" అంది మామ్మ. ఆ మాట విన్నాకే విశాఖ తీసుకెళ్ళాం.

పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. క్షయ అని వచ్చింది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లోనూ ఉంది. చుట్ట దగ్గులే అని మేం వదిలేసిన దగ్గు అది. కఫంతో పైకొచ్చే క్రిములని లాలాజలం, నోటి పొర మామూలుగా నిలవనివ్వవు. విరిగిన పన్ను గీరుకుపోయిన చోటులాంటిది దొరికితే అక్కడ దిగుతాయి, ఎక్కువగా నాలుక మీదే. అరుదే గానీ, చూపుకి అచ్చం కేన్సర్ పుండులా ఉంటుంది. ముక్క తీసి చూస్తే గాని తేలదు.

కథల్లో క్షయ అంటే దగ్గు, రుమాలు మీద నెత్తురు. కాఫ్కా 1924లో గొంతు క్షయతో, తిండి మింగుడుపడక, 'హంగర్ ఆర్టిస్ట్' ప్రూఫులు దిద్దుకుంటూ పోయాడని ఒక వ్యాసంలో నేనే గొప్పగా రాశాను. మామ్మ మింగలేకపోతున్నాను అన్నప్పుడు అది నాకు గుర్తుకు రాలేదు. ఆ "నిజమే" మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. రెండో నెల దాటకుండానే పుండు మానింది. మామ్మ మళ్ళీ చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుంది.

చుట్ట మాత్రం మానలేదు. ఏడాదికోసారి అంగిలి చూపించడానికి తీసుకెళ్తాను. "ఏటున్నాదిరా నా నోట్లో?" అని విసుక్కుంటుంది.

"తెలీదు మామ్మా, చూపిద్దాం పద" అంటాను.