మూడు పెద్దదా? ఏడు పెద్దదా?

మూడు కన్నా ఏడు పెద్దదని ఒకటో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. అప్పు దగ్గరకొచ్చేసరికి ఈ లెక్క తారుమారవుతుంది.

మా ఖమ్మం పల్లెల్లో షావుకారు "నూటికి మూడు రూపాయలే" అంటాడు. అది నెలకు. బ్యాంకువారు "ఏడు శాతం" అంటారు. అది ఏడాదికి. పదివేలు తెచ్చుకుంటే ఏడాదికి షావుకారి వడ్డీ 3,600 రూపాయలు. మూడు లక్షల లోపు పంటరుణమైతే 700, గడువులోగా కడితే రాయితీ పోను 400 మాత్రమే. అయినా రైతు చెవికి మూడే చిన్నదిగా వినబడుతుంది. ఇందులో రైతు అమాయకత్వం కన్నా చెప్పేవారి లోపమే ఎక్కువ.

షావుకారికి మాట్లాడే విద్య తెలుసు. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల దారిలో అంగడి పెట్టినవాడు కోయభాషలో నాలుగు మాటలైనా నేర్చుకుంటాడు. పిల్లల బాగోగులు అడిగాకే బేరంలోకి దిగుతాడు.

మా నాయన ఒకసారి మిర్చి పెట్టుబడికి బ్యాంకుకు పోయాడు. "పాత బాకీ సంగతేంది?" అని కౌంటరు అవతలి నుంచి గట్టిగా అడిగారు. వరుసలో మా ఊరివాళ్లున్నారు. నాయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకొని వచ్చేశాడు. ఆ సాయంత్రమే షావుకారి గడప తొక్కాడు.

తర్వాత మహిళా సంఘం పుస్తకాలు రాసే ఒకామె మా ఇంటికొచ్చింది. మంచినీళ్లు తాగి, "తోటకు తెగులేమైనా తగిలిందా వదినా?" అని అమ్మనడిగింది. అరగంట దాకా అప్పు మాటే ఎత్తలేదు. చివరికి అమ్మే అన్నీ చెప్పింది, నాయనకు తెలియని చేబదుళ్లతో సహా. ఆమె చింతగింజలు తెప్పించి ఒక పక్క ముప్పయ్యారు, ఇంకో పక్క ఏడు పేర్చింది. "నూరు రూపాయలకు ఏడాది వడ్డీ ఇదన్నయ్యా" అంది. నాయన చాలాసేపు ఆ గింజలకేసే చూశాడు.

రుణ సలహా కేంద్రాల కోసం రిజర్వు బ్యాంకు 2009లో ఒక పథకం తెచ్చింది. మరుసటి ఏడే, 2010లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నారన్న వార్తల నడుమ ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేయవలసి వచ్చింది. పదిమందిలో అడిగిన మాట ఎంత లోతుగా కోస్తుందో ఆ ఏడాది అందరికీ తెలిసివచ్చింది.

మిత్రులారా, రేపు మనలో కొందరు ఆ కౌంటరు అవతల కూర్చుంటారు. బాకీ సంగతి పక్కకు పిలిచి అడగండి. వడ్డీ నెలకో, ఏడాదికో విడమరచి చెప్పండి. పంట చేతికొచ్చే నెల తెలుసుకొని వాయిదా పెట్టండి. ఇల్లాలిని కూడా కూర్చోబెట్టండి. షావుకారికి చేతనైన పలకరింపు చదువుకున్న మనకు చేతగాకపోతే, తక్కువ వడ్డీ అప్పు బ్యాంకులోనే ఉండిపోతుంది.