కోడిపెట్ట ప్రేమ

మాతృప్రేమను వర్ణించునపుడు మనవారు కోడిపెట్టను తఱచుగా దృష్టాంతముగ జూపుదురు. కాని యా దృష్టాంతమును సగమే చూచెదరు.

మా పెరటిలోని నాటుపెట్ట గంపలో పది గుడ్లపై 21 దినములు పొదిగినది. దినమున కొక్కసారి లేచి, నూకలు తిని, నీరు త్రాగి, దుమ్ములో పొరలి, గుడ్లు చల్లారకముందే మరలివచ్చుచుండెను. ఆకలిని చంపుకొని కూర్చున్న తల్లి బిడ్డలకు దక్కదు గదా! ఎనిమిది పిల్లలు పుట్టినవి. గ్రద్ద నీడ పడినంతనే వానిని ఱెక్కల క్రిందికి బిలుచుకొనెడిది. చెదపురుగును ముక్కున బట్టి చూపి, తాను తినక వానికి విడిచెడిది.

రెండు మాసములు నిండగా నా పెట్టయే దగ్గఱకు వచ్చిన పిల్లలను పొడిచి తఱుమసాగెను. మా యింటివారు "ఎంత కఠినురాలు!" అనిరి. గింజ వెదకుట, గ్రద్దను గుర్తించుట నేర్పిన పిదపనే అది తఱిమినదని నేను చెప్పితిని.

ఆ వారముననే మా పెద్దమ్మాయికి పట్టణపు కళాశాలలో ప్రవేశము లభించినది. "ఆడపిల్లను ఒంటరిగా హాస్టలుకు పంపుతావటరా నాయనా?" అని మా యమ్మ యడిగెను. పంపుచున్నానంటిని. చదువును ధైర్యమును నేర్పకుండ బంపుట నిర్దయ. నేర్పియు బంపకుండుట యంతకంటె నిర్దయ. ఱెక్కల క్రింద దాచుటకు గడువు గలదని యొక పెట్ట యెఱిగియుండగా, చదువుకొన్న మనము ఎఱుగవలదా?