తెల్లకార్డు పోయే రోజు

మొన్న మెస్‌లో సాంబారు చల్లారేదాకా మేము కొట్లాడుకున్నది ఆరోగ్యశ్రీ మీద. 2007లో అది మొదలైనప్పుడు తెల్లకార్డు వాళ్ళ ప్రీమియం ప్రభుత్వమే కట్టింది. ఆ సొమ్ము కార్పొరేట్ ఆస్పత్రుల పాలవుతోంది, సర్కారు దవాఖానాలకే ఇవ్వాలి అని సగంమంది వాదన. మేమూ అటే ఉండేవాళ్ళం, నాన్న గుండెకు స్టెంటు వేసేదాకా. కార్డు లేకుంటే ఉన్న అరెకరం పోయేది, మా ఇంటి మొదటి డిగ్రీ కూడా. అయినా వాళ్ళ మాట తప్పనలేం. దగ్గర్లో ఈసీజీ తీసే దిక్కుంటే నాన్న పట్నందాకా వెళ్ళేవాడా?

రేపు ఉద్యోగమొస్తే, ఆదాయం పెరిగి కార్డు పోతుంది. సొంతంగా తీసుకునే పాలసీపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22న ఎత్తేశారు, నిజమే. (అది తీసేయమని 2024లో కేంద్రమంత్రి గడ్కరీ కూడా ఆర్థికమంత్రికి లేఖ రాశారు!) కానీ ముందే ఉన్న జబ్బుకు కంపెనీ మూడేళ్ళదాకా ఆగమనవచ్చు.

ఫోన్లో ఇదంతా చెబితే నాన్న నవ్వాడు: "అయితే ఉద్యోగం వద్దంటార్రా?"